విప్లవం అంటే ఏంది?

ఎలక్షన్ ఫలితాలొచ్చిన మర్నాడు మాచర్లలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ, గుప్పిట్లో ఇంటి తాళంచెవి. ఓడినవాళ్లు ఇళ్లకు తాళాలేసి ఊరొదలడం మా పల్నాట్లో మామూలే.

నా పుస్తకం అట్ట మీది మాట కూడబలుక్కుని, "విప్లవం అంటే ఏందమ్మా?" అంది.

"ఇంగ్లీషులో రెవల్యూషన్ అంటారు. ఆ మాటకు మొదట్లో అర్థం, చుక్కలు ఆకాశమంతా తిరిగి మళ్లీ పాత చోటికే రావడమట, పిన్నీ."

అంతలో జెండాలు కట్టిన బైకులు బస్సు పక్కకొచ్చాయి. ఆవిడ ముసుగేసుకుని నా ఒళ్లోకి వంగిపోయింది. నేను పుస్తకం అడ్డం పెట్టాను. హారన్లు దూరమయ్యాకే తలెత్తింది.

"చుక్కల సంగతేమో గాని, మా ఊళ్లో జరిగేది అదే. పోయినసారి వాళ్లను మేం తరిమినాం. ఇప్పుడు మమ్మల్ని వాళ్లు."

"మళ్లీ మీరు గెలిస్తే?"

ఆవిడ తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"అప్పుడు వాళ్లేసుకుంటారు తాళాలు."