కొడవలి మీది తడి

పెళ్లయి బోధన్ దగ్గరి పల్లెకు వచ్చిన కొత్తల సంగతి. మా మామ కుమ్మరి. ఒక పెళ్లికని ఐరేని కుండలు కాల్చెటందుకు ఆవంల పేర్చి, చెరుకు ఆకుతో సన్నమంట పెట్టిండు. మట్టిలోని నీరంతా పోయేదాక మంట పెంచొద్దు. అందుకే పొగ మీద కొడవలి పట్టి, "తడి ఉందా బిడ్డా?" అని నన్నడిగిండు. ఆయనకు చూపు ఆనదు.

కొడవలి చెమట పట్టి ఉంది. కానీ నన్ను తల్లిగారింటికి తీస్కపోను మా అన్న బండి కట్టుకొని వచ్చి కూసున్నడు. తడి ఉందంటే అది ఆరేదాక నేనక్కడే ఉండాలె. "లేదు మామా" అని చెప్పిన. మంట పెంచిండు. నేను బండెక్కకముందే లోపల కుండలు ఫట్‌ఫట్‌మని పగిలినయి.

"నా కాళ్లల్ల బలం తగ్గింది, మట్టి సరిగ తొక్కలేదు" అన్నడు మామ. మళ్ల ఎన్నడు ఆవం పెట్టలేదు.

తప్పు నాదని చెప్పనీకి, ఆయన పోయేదాక పన్నెండేండ్లు ఒకే ఇంట్ల ఉన్న. చెప్పలేదు.