నర్సింగ్ వెతికిపెట్టిన తీర్పు

నిన్న పొద్దున నాందేడ్ కోర్టు క్యాంటీన్‌లో చాయ్ తాగుతుంటే ఒక జూనియర్ పరుగెత్తుకొచ్చింది.

"తాయీ, నర్సింగ్ సర్ గేలే."

'పోయారు' అంటే, ఎక్కడికి పోయిండు అని అడిగాను. నిజంగా అట్లాగే అడిగాను. ఆ పిల్ల ఏడుస్తుంటే అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నర్సింగ్ ఇక లేడు.

మీలో చాలామందికి వాడు తెలుసు. తెలియని వాళ్ల కోసం రాస్తున్నా.

లా కాలేజీలో నా క్లాస్‌మేట్. పుట్టుకతోనే చూపు లేదు. వాడి నాన్నది ఇక్కడే మార్కెట్‌లో కిరాణా దుకాణం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో హిందీ. మూడింటిలోనూ జోకులు వేసేవాడు.

ఎవరైనా "పాపం" అంటే మాత్రం మండేది. "పాపమన్నోళ్లకు నేను నోట్స్ ఇయ్య" అని మొహం మీదే చెప్పేవాడు. అన్నంత పనీ చేసేవాడు!

ఫస్ట్ ఇయర్‌లో లైబ్రరీలో లావుపాటి కేసుల పుస్తకాలు ఉండేవి. వాడికి అవి ఉన్నా లేనట్టే. తర్వాత స్టూడెంట్స్ కోసం కాలేజీ ఆన్‌లైన్ డేటాబేస్ తెచ్చింది. దేశంలోని పెద్ద కోర్టుల తీర్పులన్నీ అందులో దొరుకుతాయి. వాడి లాప్‌టాప్ వాటిని పైకి చదివి వినిపించేది. అదీ ఎంత స్పీడ్‌గా అంటే మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

వాడు మాత్రం నవ్వుకుంటూ వినేవాడు. "ఇన్నొద్దులు పుస్తకాలు నాతోని మాట్లాడలె. ఇప్పుడు జూడు, నోరు మూస్తలెవ్వు" అన్నాడు.

నాకు సెర్చ్ చేయడం నేర్పింది వాడే. నేను పెద్ద పెద్ద వాక్యాలు టైప్ చేసి, వేల రిజల్ట్స్ వస్తే తల పట్టుకునేదాన్ని.

"గట్ల కథ రాస్తె ఎట్ల దొరుకుతది? అసలు లొల్లి దేని మీదనో గా మాట కొట్టు" అనేవాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. "తీర్పు దొరకంగనే సంబురపడకు శైలా. అది బతికుందా, సచ్చిందా సూడు." అంటే, తర్వాత వచ్చిన పెద్ద బెంచ్ ఏదైనా దాన్ని కొట్టేసిందా అని.

ఆ ఒక్క మాట మా అమ్మను నిలబెట్టింది.

నాన్న చనిపోయాక అమ్మ నాయ్‌గావ్ దగ్గర మా తాత ఊళ్లో, పుట్టింట్లోనే ఒక మూల గదిలో ఉండేది. తాత అప్పటికే పోయాడు. కొన్నాళ్లకు మామలు గది ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ వాటా అడిగింది. "ఆడపిల్లకు ఏం వాటా?" అన్నారు. కేసు కోర్టుకెక్కింది.

ఒక వాయిదా తారీఖున మామల వకీలు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి తెచ్చి పెట్టాడు. కూతుళ్లకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన కొత్త చట్టం వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కట. మా తాత అంతకుముందే పోయాడు. మా వకీలు ఎక్కువగా క్రిమినల్ కేసులు చూసే మనిషి. ఆయన మొహం వాడిపోయింది. టైమ్ అడిగి బయటికొచ్చాడు.

అమ్మ కోర్టు మెట్ల మీదే కూలబడింది. "ఇగ అయిపోయింది బిడ్డా. యాడికన్న పోదాం" అంది.

మర్నాడు లైబ్రరీలో నర్సింగ్ పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఒక్క మాట కూడా ఓదార్చలేదు. టైప్ చేయడం మొదలుపెట్టాడు.

కాసేపటికి హెడ్‌ఫోన్స్ పీకేసి స్పీకర్ ఆన్ చేశాడు. ఎప్పుడూ లేనిది, నాకు అర్థమయ్యేలా స్పీడ్ తగ్గించాడు.

ఆ తీర్పును ముగ్గురు జడ్జిల బెంచ్ కొట్టేసింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది. తండ్రి ఆ రోజుకు బతికి ఉండాల్సిన పనే లేదు.

"సచ్చింది! వాళ్ల తీర్పు సచ్చింది శైలా!" అని బల్ల గుద్దాడు. లైబ్రరీ మొత్తం మా వైపే చూసింది. నేను ఏడుస్తూ నవ్వుతున్నా.

అంతటితో వదల్లేదు. తీర్పు మొత్తం రెండుసార్లు విన్నాడు. మా కేసుకు పనికొచ్చే పేరాలు ఏరి, ప్రింట్ తీయించి నన్ను మా వకీలు దగ్గరికి నడిపించాడు. తర్వాతి తారీఖుకు బస్సెక్కి మాతో పాటు వచ్చాడు కూడా.

జడ్జిగారు ప్రింటవుట్ చదివారు. తలెత్తి మామల వకీలును ఒకటే అడిగారు.

"వకీల్ సాహెబ్, తుమ్చా నిర్ణయ్ ఓవర్‌రూల్ ఝాలా ఆహే నా?"

మీరు తెచ్చిన తీర్పును కొట్టేశారు కదా అని. మామల వకీలు తల దించుకున్నాడు.

వెనక బెంచీ మీద నర్సింగ్ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. "సప్పుడు లేదు గదా? గిదే ఇనాలని అచ్చిన" అని గుసగుసగా అన్నాడు.

గెలిచాం. అమ్మకు పొలంలో, ఇంట్లో వాటా వచ్చింది. ఫలితం చెప్పిన రోజు అమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. వాడు అన్నాడు: "పెద్దమ్మా, ముందు ఒక కమ్ర కట్టుకో. దానికి నీ దర్వాజ నీకే ఉండాలె. ఎవల ముంగట నుంచి పోవుడు ఉండద్దు."

అమ్మ ఆ గది కట్టుకుంది.

తర్వాత నర్సింగ్ నల్లకోటు వేశాడు. ఇదే నాందేడ్ కోర్టులో నిలబడి వాదించాడు, గెలిచాడు, ఓడినప్పుడు అప్పీల్‌కు పోయి మళ్లీ గెలిచాడు. ప్రతి శనివారం లా స్టూడెంట్స్‌ను కూర్చోబెట్టి తీర్పులు వెతకడం నేర్పాడు.

నిన్న వాడి ఇంటి ముందు గల్లీలో జనం పట్టలేదు. నల్లకోట్లు, స్టూడెంట్స్, పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు. అమ్మ కూడా వచ్చింది. వాడి నాన్న దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"అన్నా, నీ కొడుకు నా పుట్టిల్లు నాకు ఇప్పిచ్చిండు."

ఆయన గల్లీ నిండా ఉన్న జనాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"వీడు పుట్టినప్పుడు నాకు ఒకటే రంది చెల్లే. నేను పోయినంక వీన్ని ఎవలు జూస్తరని" అన్నాడు. "వాడే గిందరిని జూసుకున్నడా?"

అవును బాబాయ్. ఇంతమందినీ చూసుకున్నాడు.

నర్సింగ్, గెలిచే వెళ్లావురా. హాయిగా విశ్రాంతి తీసుకో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.