ఫొటోలో మాలి కాక పాదం

మాలి కాక పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను అల్ వుకైర్‌లో ఒక విల్లా వెనక గడ్డి కోసే మిషన్ తోస్తున్నాను. ఆ మోతలో ఫోన్ వినపడలేదు. మిషన్ ఆపి చూస్తే కాక ఇంటి నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఆయన కూతురు ఎత్తింది.

“అన్నా, మా బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, అరుగు మీద కూసున్నడు, గట్లనే పక్కకు ఒరిగిండు. దుబాయ్‌ల ఉన్న గోదారాయనకు చెప్పుమని అమ్మ అంటున్నది.”

జగిత్యాల దగ్గరి ఆ పల్లెలో గల్ఫ్ అంతా దుబాయే. నేనుండేది ఖతర్‌లో అని ఆ ఇంటివాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఆ పూట మాత్రం “ఆ, దుబాయ్‌లోనే ఉన్నానమ్మా” అన్నాను.

దోహాలో ఆయన ఇరవై ఏళ్లకు పైగా తోటపని చేశారు. తోటమాలిని ఇక్కడ అందరూ మాలి అంటారు. మన తెలుగువాళ్లం దానికి కాక చేర్చాం. కాక అంటే వాళ్ల వైపు బాబాయ్. నన్ను ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మాది గోదావరి పక్క ఊరు కాబట్టి నేను ‘గోదారి’ని. నా పేరు ఆయనకు తెలుసో లేదో ఇప్పుడు అడగడానికి కూడా లేదు.

నేను అల్ తుమామాలో ఒక ఇంటికి తొమ్మిదేళ్లు డ్రైవర్‌ని. పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తూ దారి పొడవునా విల్లాల ముందున్న లాన్‌లు చూసేవాణ్ణి. ఫలానా రోజు గడ్డి కోస్తామని చెప్పిన కంపెనీ వాళ్లు వారం దాటినా రారు. మేడమ్‌లు గేటు దగ్గర నిలబడి ఫోన్లో అరుస్తూ ఉంటారు. చెప్పిన రోజు చెప్పిన వేళకు వెళ్లి కోయడం నావల్ల కాదా అనిపించింది. మా బాబాతో, అంటే మా యజమానితో, ఆ మాటే అన్నాను. కేకలేస్తారనుకుంటే గడ్డి కోత పనికి లైసెన్స్ తీయించి ఇచ్చారు. ఒక్క షరతు పెట్టారు. ఎండాకాలం దాటి చూపించాలి. సెలవులకు వెళ్లిన కస్టమర్లు సెప్టెంబర్‌లో నన్ను మళ్లీ పిలిస్తే నా దారి నాది. పిలవకపోతే ఊరికి టికెట్. నా డ్రైవర్ డ్యూటీ అప్పటికే వేరే అతనికి ఇచ్చేశారు.

మిషన్ కొన్న రోజు పక్క విల్లాలో పనిచేసే మాలి కాక వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

“మిషిన్ అయితె కొన్నవు గోదారీ. గడ్డి సంగతి ఎరుకేనా?”

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. “పుట్టినప్పటి నుంచి గడ్డిలోనే ఉన్నాం కాకా, మాకు చెప్పకండి” అనేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

చలికాలమంతా పని బ్రహ్మాండంగా సాగింది. గర్వం కూడా బాగానే పెరిగింది. జూన్ వచ్చింది. బళ్లు మూశారు. ఒక్కో ఇల్లూ సూట్‌కేసులు సర్దడం మొదలుపెట్టింది. ఏ గేటుకు వెళ్లినా ఒకటే మాట, “సెప్టెంబర్ దాకా మాఫీ.” అరబీలో మాఫీ అంటే లేదు. పని లేదు, రావద్దు అని.

మా వీధి చివర ఒక మేడమ్ ఉన్నారు. ఆమె బాగుందంటేనే ఆ వీధిలో మిగతా వాళ్లు గేటు తీస్తారు. నా మొదటి కస్టమర్ ఆవిడే. వెళ్లేముందు చివరిసారి కోయమన్నారు. రెండు నెలలు ఎవరూ ఉండరు కదా, ఏపుగా పెరిగి అడవైపోతుందని నేను అతితెలివికి పోయి, బ్లేడును బాగా కిందికి దించి, నేల కనపడేలా కోసేశాను. మా ఇంట్లో వరి కోతల్లో దుబ్బు ఎత్తుగా వదిలితే నాన్న ఊరుకునేవారు కాదు. పశువుల మేత పొలంలోనే పారేశావని తిట్టేవారు. ఆ చేతికి అలవాటైన కోత అది.

అయిదో రోజుకి లాన్ మొత్తం ఎండిన కొబ్బరి పీచులా తయారైంది. మేడమ్ నన్ను పిలిచి గడ్డి వైపు చెయ్యి చూపించి, “ఖలాస్, ఇంక రావద్దు” అన్నారు. ఆ ఒక్క గేటుతో వీధి అంతా పోతుంది. వీధి పోతే సెప్టెంబర్‌లో నన్ను పిలిచేవాళ్లెవరు?

గర్వం అంతా దిగమింగుకుని కాక దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్క మాటైనా దెప్పలేదు. వచ్చి, లాన్ అంచున చెప్పులు విడిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒట్టి కాళ్లతో నడిచారు. మధ్యలో కూర్చుని మొదళ్లు నొక్కి చూశారు. తల తిప్పి నావైపు చూసి ఒకటే అన్నారు.

“వరి కోసినవ్ గదరా!”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“మనం కోసేది పసులకు గాదు గోదారీ, కాళ్లకు. గీ గడ్డి మీద పిల్లలు ఉరుకుతరు. జర ఎత్తు ఉంచాలె. ఎత్తుంటెనే దాని నీడ దాని ఏరుకు ఉంటది.” అంటూ నేల మీద పాకిన ఒక తీగ పీకి నా చేతిలో పెట్టారు. “గిదేందో చూడు.”

చూశాను. గరిక! షాపువాళ్లు బెర్ముడా అంటే ఏదో దేశం గడ్డి అనుకున్నాను. వినాయక చవితికి పూజలో పెట్టే గరిక, పొలం గట్ల మీద మేమంతా తిట్టుకుంటూ పీకే గరిక.

“మన ఊర్ల దీన్ని పీకి పీకి నడుములు పోయినయ్. సంపుదామంటె సావదు. ఈడ బతికిద్దామంటె బతకదా?” అని ఆయన పకపకా నవ్వారు. ఏడుపు ముఖంతో ఉన్న నాకూ నవ్వు వచ్చేసింది.

ఆ సాయంత్రమే కాక నన్ను మేడమ్ గేటు ముందు నిలబెట్టారు. “తప్పు నాదని నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడ్త.” చెప్పాను. మేడమ్ ముఖం మారలేదు. అప్పుడు కాక తనకొచ్చిన భాషలన్నీ కలిపి అందుకున్నారు. “మేడమ్, సెప్టెంబర్... గ్రాస్ మాఫీ, హమ్ భీ మాఫీ!” మీరొచ్చేసరికి గడ్డి లేకపోతే మేమూ ఉండం అని. ఆవిడ పెదవి బిగపట్టినా నవ్వు ఆగలేదు. పక్క గేటు తాళం ఇచ్చి, వారం వారం లాన్ ఫొటో పంపాలన్నారు.

మిగతా గేట్ల గురించి నేను దిగులు పడుతుంటే కాక విసుక్కున్నారు. “కోత లేకుంటె పని లేదంటవేంది? చేను ఎదిగేటప్పుడు కోస్తమా, కావలి కాస్తమా? గిది కావలి సీజన్.” నాకది చెవికెక్కింది. ప్రయాణాల్లో ఉన్న కస్టమర్లందరికీ ఫోన్ చేసి, కోయడానికి కాదు, కాపలాకు వస్తానని చెప్పాను. సగం మంది ఒప్పుకున్నారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇక్కడ బయట పని చేయకూడదు. మేం తెల్లారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోపు నీళ్ల పైపులు, స్ప్రింక్లర్లు చూసి తిరిగొచ్చేవాళ్లం. కాక పనిచేసే ఇంటివాళ్లూ ఊళ్లో లేరు కాబట్టి ఆయన ఉదయాలన్నీ నావే.

ప్రతి లాన్‌లో ఆయన పని ఒకటే. చెప్పులు విడిచి గడ్డి మీద అడుగు వేసి, తీసి, చూడటం. “అడుగు లేసిందా?” అనేవారు. నలిగిన గడ్డి వెంటనే లేస్తే నీళ్లు చాలినట్టు. అడుగు అచ్చు అలాగే ఉండిపోతే దాహంతో ఉన్నట్టు. షుగర్ ఉన్న మనిషి చెప్పుల్లేకుండా తిరగకూడదని నేను మొత్తుకునేవాణ్ణి. టీలో నాలుగో చెంచా పంచదార కలుపుతూ వినేవారు.

మొదటి వారం మేడమ్‌కు పంపిన ఫొటోలో పొరపాటున ఆయన ఎడమ పాదం పడింది. ఎప్పుడో లాన్ రోలర్ ఎక్కి బొటనవేలి గోరు ఊడిపోయిన పాదం అది. “ఎవరిదీ పాదం?” అని మేడమ్ రాశారు. నాకు సిగ్గేసి, రెండో వారం పాదం లేకుండా శుభ్రంగా తీసి పంపాను. వెంటనే జవాబు. “పాదం ఏది? పాత ఫొటో పంపావా?” కాక పొట్ట పట్టుకుని నవ్వారు. “చూసినవా! కాలుంటెనే నమ్మకం.” అప్పటినుంచి ఏ ఇంటికి ఫొటో పంపినా అందులో ఆ పాదం ఉండాల్సిందే. పచ్చబడుతున్న గరిక, పక్కన గోరు లేని బొటనవేలు.

సెప్టెంబర్‌లో మేడమ్ వాళ్లు దిగిన రోజు మేం గేటు దగ్గరే ఉన్నాం. కారు ఆగీ ఆగకముందే ఇద్దరు పిల్లలు దూకి, బూట్లు విసిరేసి, ఇంట్లోకి కాకుండా గడ్డి మీదకు పరుగెత్తారు. కాక నా డొక్కలో మోచేత్తో పొడిచారు. “కాళ్లకు” అన్నారు మెల్లగా. మేడమ్ నాతో అన్నది ఒక్క మాటే, “యల్లా, గురువారం రా.” ఇక పని కానివ్వమని. ఆ వారంలోనే వీధిలో మిగతా గేట్లూ తెరుచుకున్నాయి. బాబా ఇంక టికెట్ మాట ఎత్తలేదు. ఆ ఏడు చవితికి మేడమ్‌ను అడిగి, ఆ లాన్‌లోంచే కాక గుప్పెడు గరిక కోసుకొచ్చారు.

ఇప్పుడు నాకు మూడు మిషన్లు ఉన్నాయి. లుసైల్ దాకా పని ఉంది. ఎండాకాలం అంటే భయం లేదు. కావలి సీజన్ కోసమే నన్ను పిలిచే ఇళ్లున్నాయి. ఆ మొదటి ఏడు తర్వాత మరో మూడు ఎండాకాలాలు కాకే నా కావలి. ఈ మార్చిలో “మోకాళ్లు ఇంక వద్దంటున్నయ్ రా” అని ఊరు వెళ్లిపోయారు. అక్కడి నుంచి ఫోన్ చేసినా బాగున్నావా అని అడిగే అలవాటు లేదు. “బ్లేడ్ ఏడ పెట్టినవ్?” అదే పలకరింపు. పోయిన శుక్రవారం కూడా అదే అడిగారు. ఎత్తులోనే పెట్టాను కాకా అన్నాను. అదే చివరి మాట అవుతుందని తెలిస్తే ఇంకాసేపు మాట్లాడేవాణ్ణి. నన్ను నిలబెట్టింది మీరేనని ఒక్కసారైనా ఆయనతో అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

కబురు తెలిసి మనవాళ్లంతా గ్రూపులో ఫొటో అడిగారు. నా ఫోన్ అంతా వెతికాను. ముఖం ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే ఆయన పక్కకు తప్పుకునేవారు. ఉన్నవన్నీ పాదాలే. అందులో ఒకటి పెట్టాను. ఇదేంటని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అల్ తుమామా వెళ్లాను. మేడమ్ వాళ్లు సెలవులకు వెళ్లి రెండు రోజులైంది. ఈ ఏడాది మొదటి ఫొటో పంపాలి. లాన్ అంచున బూట్లు, మేజోళ్లు విప్పాను. గోళ్లన్నీ ఉన్న నా తెల్లటి పాదం గడ్డి మీద పెట్టి ఫొటో తీసి పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది.

“ఇది ఆయన పాదం కాదు. ఆయన ఏరి?”

అడుగు తీసి పక్కకు జరిగాను. నా పాదం ఉన్నచోట నలిగిన గరిక ఒక్కొక్క పోచే లేస్తోంది.