ఎడమచేతి టేపు

ఒక జంక్షన్ బాక్స్ మూతను పన్నెండేళ్లుగా మోస్తున్నాను. అరచేతంత ప్లాస్టిక్ మూత. దానికి బరువేమిటి అంటారా? ఉంది. నా పేరు మీకు అక్కర్లేదు. నర్సీపట్నంలో కరెంటు పని చేస్తాను, చిన్న షాపు ఉంది, నా వైర్‌మ్యాన్ పర్మిట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. అంతవరకు తెలిస్తే చాలు. ఇంట్లోవాళ్లకు చెప్పనిది మీకు చెబుతున్నాను.

ఈ పనిలోకి ఎలా రావాలని షాపుకొచ్చి అడుగుతుంటారు. ఐటీఐ చదివితే పర్మిట్ పెద్ద కష్టం కాదు అంటాను. ఆ చదువు లేనివాడు లైసెన్సున్న మేస్త్రి దగ్గర ఏళ్ల తరబడి గోడలు కొట్టి, పైపులు పరిచి, వైర్లు లాగి, ‘వీడికి పని వచ్చు’ అని ఆయన సంతకం పెట్టిన కాగితంతో పరీక్షకు కూర్చోవాలి. ఈ రెండో దారి చెప్పేటప్పుడు అడిగినవాడి ముఖంలోకి చూడను.

నాది ఐటీఐ. దానియేలుది రెండో దారి. కొయ్యూరు నుంచి వచ్చాడు, నా ఈడువాడే. ఇద్దరం అప్పారావు మేస్త్రి గారి దగ్గర చేసేవాళ్లం. వాడంటే నాకు కుళ్లు. మెత్తగా చెప్పడం దేనికి? కుళ్లే. నేను పుస్తకంలో బట్టీ పట్టింది వాడి వేళ్లకు ఊరికే వచ్చేసింది. వాడు వైరు కొసను ఒక మడత మడిచి స్క్రూ కింద పెడితే మళ్లీ ఊడేది కాదు. వాడి బోర్డు విప్పి చూస్తే లోపల దువ్విన జడలా ఉండేది. ఒకరోజు తాపీవాళ్లందరి ముందూ మేస్త్రి గారు నవ్వుతూ, “సర్టిఫికెట్టు నీది, పని ఆడిది రా!” అన్నారు. అందరూ నవ్వారు. దానియేలు నవ్వలేదు. అది ఇంకా మండింది.

అప్పుడు రావికమతంలో ఒక టీచరమ్మ గారి కొత్తింటికి వైరింగ్ చేస్తున్నాం. హాలు మొత్తం దానియేలుదే. గృహప్రవేశం రోజు మొదటి స్విచ్ వాడే వేస్తాడని, ఇంటివాళ్లు పెట్టే కొత్తబట్టలు వాడికే ఇప్పిస్తానని మేస్త్రి గారు అనేశారు. ఆ వారంలోనే వాడి కాగితం మీద సంతకం కూడా పెడతానన్నారు.

గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం. మెయిన్ ఆపి అందరూ భోజనానికి వెళ్లారు. నేను నిచ్చెన ఎక్కాను. హాలు జంక్షన్ బాక్స్ మూత తీసి, కరెంటు వచ్చే ఫేజు వైరు అది తిరిగివెళ్లే న్యూట్రల్ చోట, న్యూట్రల్ ఫేజు చోట కలిపి, టేపు చుట్టాను. అలా మారిస్తే లైటు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. స్విచ్ ఆపాక కూడా హోల్డర్‌లో కరెంటు ఉండిపోతుంది, అంతే. బల్బు మార్చబోయినవాడి ప్రాణం తీయగలదు. మేస్త్రి గారు ఇల్లు అప్పగించే ముందు స్విచ్‌లన్నీ ఆపి ప్రతి హోల్డర్‌లోనూ టెస్టర్ పెట్టి చూస్తారు, ఎలాగూ దొరుకుతుంది, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక తర్వాత నాకు నేను చెప్పుకున్నానా? ఆయన ఆ ఒక్కరోజు మరిచిపోయి ఉంటే?

మరిచిపోలేదు. సాయంత్రం హాల్లో టెస్టర్ వెలిగింది.

“ఏటిది దానియేలూ? స్విచ్ ఆపితే హోల్డర్లో కరెంటేటి?”

దానియేలు మెయిన్ ఆపి నిచ్చెన ఎక్కాడు. మూత తీశాడు. జాయింటు మీది టేపు విప్పబోయాడు. రాలేదు. నాది ఎడమచేతివాటం, నా టేపు చుట్టు అందరి చుట్టుకూ వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అందరూ ఆటపట్టించేవారు దానికి. దానియేలు చెయ్యి ఆగింది. తర్వాత రెండోవైపుకు తిప్పి విప్పాడు. నా వైపు ఒక్కసారి చూశాడు.

“సెప్పరా! ఎవుడు కలిపేడు ఇది?”

“హాలు నానే సేసానండి,” అన్నాడు.

అబద్ధం కాదది. నా పేరు ఎందుకు చెప్పలేదు? చెబితే నమ్మరనుకున్నాడా? నా మీద జాలా? జాలే అయితే ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా కాల్చింది అదే.

“పేనం తీసే తప్పు. నీకు సంతకం ఎట్టను. బేగి సామాను సర్దుకో,” అన్నారు మేస్త్రి గారు.

మొదటి స్విచ్ నేను వేశాను. ఆ బట్టలు నేను కుట్టించుకున్నాను. ఇక సంతకం అంటారా, అది నాకు అవసరమే లేదు. నా సర్టిఫికెట్ నాకుంది. వాడికున్నది ఆ ఒక్క కాగితమే. నాకు పనికిరానిదాన్ని వాడికి దక్కకుండా చేశాను. ఇప్పుడు పాయకరావుపేటలో లారీలకు బస్తాలు ఎత్తుతున్నాడట. నేను వెళ్లలేదు. తుని వెళ్లేటప్పుడు ఆ ఊరు దాటేదాకా బస్సులో తల వంచుకుని కూర్చుంటాను.

కిందటి నెల ఆ టీచరమ్మ గారే ఏసీ పాయింటుకని పిలిచారు. హాలు బోర్డు విప్పాను. కొస మడిచిన వైర్లు, దువ్విన జడలా. ఒక్కటీ నల్లబడలేదు. సిగ్గు రావాలి కదా? ముందు కుళ్లే వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది.

అప్పుడు తప్పు చేసినతను ఏమయ్యాడని ఆవిడ అడిగారు. తెలియదండీ అన్నాను. అతను మీ ముందే నిలబడి ఉన్నాడని అనలేకపోయాను. ఇక్కడ అంటున్నాను. ఆ వైర్లు మార్చింది దానియేలు కాదు. నేను.