తల ఊపితేనే దెబ్బ

మన హీరోల్లో వీరభద్రం అన్నను కొట్టనివాడు లేడు. రేపు కొత్తగా ఎవడైనా హీరో అయినా, వాడి మొదటి ఫైటుకి అన్న వెళ్లి ముందు వరసలో నిలబడతాడు. అన్న సినిమా ఫైటర్. అంటే కొట్టేవాడు కాదు, తన్నులు తినేవాడు. అద్దాల తలుపుల్లోంచి దూసుకెళ్లాడు, జీపు మీది నుంచి ఎగిరాడు. ఒకసారి గడ్డివాములో తలకిందులుగా దిగబడిపోతే, లాగాల్సిన వాళ్లు మర్చిపోయి టిఫిన్లకు వెళ్లిపోయారట. చూస్తే ఆరడుగుల మనిషి, గుండు, గుబురు మీసం, కనుబొమ్మ మీద గాటు. ఆ గాటు సినిమాలో పడింది కాదు. వంటింట్లో బొద్దింకను చూసి వెనక్కి గెంతితే అల్మారా తలుపు తగిలింది. ఈ సంగతి ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పడం లేదు, రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్‌లో మేం కింద వాటా, వాళ్లు పై వాటా. అన్న, హైమ వదిన, ఆరో తరగతి చదివే వర్ణిక. బస్తీ పిల్లలకు అన్నంటే ప్రాణం. చాయ్ బండి దగ్గర కనబడితే చాలు, "అన్నా, ఒక్కసారి పడవా?" అంటారు. ఏ పిల్లాడి చిటికెన వేలు గాల్లో ఊగినా చాలు, అన్న గిర్రున తిరిగి నేల మీద వాలిపోతాడు. కాదనడం ఆయనకు రాదు.

ఆ కాదనడం రాకపోవడమే ఆ ఇంటి మీదికి వచ్చింది.

ఒక సినిమాలో హీరో చెంపదెబ్బ కొడితే అన్న మూడు చుట్లు తిరిగి పుచ్చకాయల బండి మీద పడతాడు. ఆ ముక్క అందరి ఫోన్లలోకీ వెళ్లింది. జూబ్లీ హిల్స్‌లో వర్ణిక చదివే స్కూల్లోకీ వెళ్లింది. వాళ్ల క్లాసులో సంహిత అని ఒక అమ్మాయి, చుట్టూ నలుగురు స్నేహితురాళ్లు. "ఏయ్ పుచ్చకాయ, మీ నాన్నలా పడు" అంటూ తోయడం మొదలుపెట్టారు. ఓ రోజు వర్ణిక మోచెయ్యి గీరుకుపోయి వచ్చింది.

అన్న గాయం చూసి, "ఓస్, పడటం రాక తగిలించుకున్నావా? మన ఇంట్లో పుట్టి?" అని నవ్వేసి, పరుపు భుజాన వేసుకుని పిల్లతో డాబా ఎక్కాడు. గడ్డం లోపలికి, భుజం ముందుకి, ఊపిరి వదిలెయ్, దొర్లు. పిల్ల బొంగరంలా తిరిగి ఆకులా వాలింది. నేనూ ఈల వేశాను. అన్న కళ్లల్లో నీళ్లు. "అచ్చం నా చెయ్యే" అన్నాడు. చెయ్యి కాదన్నా, వీపు అన్నాను.

మోచెయ్యి మానిపోయింది. మళ్లీ గాయం లేదు. అన్న మీసం తిప్పుకున్నాడు.

వదినకు మాత్రం అనుమానం వచ్చింది. ఆవిడ బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఏమీ లేదండీ అని చెప్పే మొహాలను పొద్దస్తమానం చూసే మనిషి. ఓ సాయంత్రం నేను పంచదారకని వెళ్లేసరికి, వదిన వర్ణిక లంచ్ డబ్బా మూత తీసి అన్న ముందు పెట్టింది. పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంది.

"చెయ్యి బాగానే ఉందండీ. డబ్బా మాత్రం రోజూ నిండుగా తిరిగొస్తోంది. ఎందుకో మీ కూతుర్ని అడగండి."

వర్ణిక గోడకు ఆనుకుని, ఏదో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. లంచ్ అంతా పడటానికే సరిపోతోందట. బాగా పడుతోందని పక్క సెక్షన్ వాళ్లు కూడా వస్తున్నారట. వరసలో నిలబడి తోస్తున్నారట. "నాకు దెబ్బలు తగలట్లేదు నాన్నా, నువ్వు నేర్పినట్టే పడుతున్నా" అంది. కాసేపటికి, "రేపట్నుంచి స్కూలుకి వెళ్లను" అంది.

అన్న మొహం చూడలేకపోయాను. నేనైతే అక్కడే పథకం వేసేశాను.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. దూలగొండి పొడి తెస్త. ఆ పోరి బ్యాగుల జర చల్లినమనుకో, వారం రోజులు గోక్కుంటనే ఉంటది. లేకుంటే మీ ఫైటర్లనందర్నీ గేటు కాడ నిలబెడ్దాం. ఏమనొద్దు, ఊకె నిలబడితే చాలు."

"నోర్ముయ్ రా కమలాకర్" అన్నాడు అన్న. "అది కూడా నా కూతురంత పిల్లేరా. పిల్లల మీదికి మనుషుల్ని తీసుకెళ్తానా?"

"మరేం చేస్తవ్?"

"తెలీదు. ముందు దీన్నే అడుగుతాను."

అంత మనిషీ కింద కూర్చున్నాడు, పిల్ల కళ్లకు తన కళ్లు సమానంగా వచ్చేలా. "తప్పు నాదేనమ్మా. తోశారని నువ్వు చెబితే, ఎలా పడాలో చెప్పాను. ఇంకేం జరిగిందని అడగలేదు. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలి?"

వర్ణిక గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. తర్వాత అడిగింది. "నాన్నా, షూటింగులో నిన్ను కొట్టేముందు అడుగుతారా?"

"అడక్కపోతే ఎలా? హీరో నా వైపు చూస్తాడు. నేను తల ఊపితేనే చెయ్యెత్తుతాడు. నేను అరచెయ్యి చూపించానంటే అంతే, ఎంత పెద్ద హీరో అయినా ఆగిపోవాలి. మా మాస్టర్ దగ్గర అదే మొదటి రూలు."

"నన్నెవరూ అడగలేదు."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అన్న రెండు చేతులతో గుండు తడుముకుని, "ముందు నేర్పాల్సింది అదేనమ్మా. నేను వెనకది ముందు నేర్పాను" అన్నాడు.

మర్నాడు రామోజీ వైపు పెద్ద ఫైటు ఉంది. పేరున్న హీరో, నిప్పుల్లోంచి ఎగిరే షాటు. అన్న ఫోన్ చేసి రానన్నాడు. ఆయన కాదనడం నేను వినడం అదే మొదటిసారి. వర్ణికను ఇంట్లో ఉంచలేదు, ఒంటరిగా పంపనూ లేదు. ముగ్గురూ కలిసి వెళ్లారు. వాళ్లను బండి మీద, ఆటోలో సర్దే పని నాది కాబట్టి నేనూ వెళ్లాను.

క్లాస్ టీచర్ నవత మేడం మంచావిడే. "పిల్లలు ఆడుకుంటున్నారనుకున్నానండీ. వర్ణిక నవ్వుతూనే పడుతుంది. యాన్యువల్ డేలో పెడదామని కూడా అనుకున్నాం" అంది.

అన్న గొంతు పెంచుతాడేమోనని వదిన ఆయన చొక్కా అంచు పట్టుకుంది. అవసరం లేకపోయింది.

"నవ్వుతూ పడటం నేను నేర్పిందేనండీ. నేనూ ఆటే అనుకుని మోసపోయాను. మిమ్మల్ని అనడానికి రాలేదు. మా అమ్మాయికి ఏం కావాలో తనే చెబుతుంది, మీరు వినండి."

వర్ణిక చెప్పింది. క్లాసులో అందరి ముందూ ఎవర్నీ తిట్టొద్దు. లంచ్‌లో గ్రౌండ్ దగ్గర ఒక టీచర్ ఉండాలి. సంహితతో మేడం విడిగా మాట్లాడాలి. పుచ్చకాయ అని పిలవకూడదు. నవత మేడం అన్నీ విని, లంచ్‌లో తనే ఉంటానంది. వదిన ఊరికే లేవలేదు. "శుక్రవారం మళ్లీ వస్తామండీ, ఎలా ఉందో తెలుసుకోవడానికి" అంది. ఆసుపత్రిలో వచ్చే వారం చూపించుకోండి అని చెప్పే గొంతు అది. ఎదురు చెప్పడానికి ఎవరికీ వీలు కాదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక పెద్ద కారు ఆగింది. డ్రైవర్ తలుపు తీస్తే సంహిత దిగింది. చిన్న జడలు, పెద్ద కళ్లజోడు. దూలగొండికి ఏమాత్రం పనికిరాని పిల్ల. అన్నను చూసి కళ్లు విప్పార్చింది.

"అంకుల్! మీరు పుచ్చకాయల బండి అంకుల్ కదా? ప్లీజ్ అంకుల్, ఒక్కసారి పడరా?"

చెయ్యి కూడా ఎత్తింది. అన్న భుజం అలవాటుగా ముందుకు వంగింది. నేను చూశాను. వర్ణిక కూడా చూసింది, గేటు లోపలి నుంచి, బ్యాగు పట్టీలు గట్టిగా పట్టుకుని.

అన్న నిటారుగా నిలబడ్డాడు. అరచెయ్యి చూపించాడు.

"వద్దమ్మా. నేను తల ఊపలేదుగా" అన్నాడు, నవ్వుతూనే. "అడిగితే, అవతలివాళ్లు సరేనంటేనే. మాకు అదే రూలు."

సంహిత చెయ్యి దించి, "సారీ అంకుల్" అంది. ఆయనతో అయితే చెప్పింది. చెప్పాల్సింది ఇంకొకరికి ఉందని ఆ పిల్లకు తట్టడానికి మరి కాస్త సమయం పట్టింది.

ఆ రోజు లంచ్‌లో పక్క సెక్షన్ వాళ్లు మళ్లీ వచ్చారట. వర్ణిక పడలేదు. వాళ్ల నాన్నలాగే అరచెయ్యి చూపించి, "ఆపండి, నాకిష్టం లేదు" అందట. ఒకడు వినకుండా ముందుకొస్తే నవత మేడం వాణ్ని పక్కకు తీసుకెళ్లిందట. వర్ణిక వెళ్లి డబ్బా తెరుచుకుంది. సాయంత్రం వదిన మూత తీస్తే లోపల కరివేపాకు రెబ్బలు తప్ప ఏమీ లేవు. ఆవిడ ఆ ఖాళీ డబ్బా తెచ్చి మళ్లీ అన్న ముందు పెట్టింది.

శుక్రవారం ఇద్దరూ చెప్పినట్టే వెళ్లారు. అన్నీ ఒక్క వారంలో బాగుపడిపోలేదు. రెండుసార్లు ఎవరో పుచ్చకాయ అన్నారు. వర్ణిక రెండుసార్లూ ఇంట్లో చెప్పింది. అన్న రెండుసార్లూ పూర్తిగా విన్నాడు, మధ్యలో పరుపు ఎత్తకుండా.

మొన్న చాయ్ బండి దగ్గర, నిప్పుల షాటు పోగొట్టుకున్న ఈ మనిషి మీద ప్రేమ పొంగి, "నువ్ గ్రేట్ అన్నా!" అంటూ వీపు మీద చరచబోయాను.

"అడిగావా?" అంది వెనక నుంచి వర్ణిక.

గాల్లోనే ఆగిపోయాను. "అన్నా, జర కొట్టొచ్చా?"

అన్న నాకేసి చూడలేదు, కూతురి కేసి చూశాడు. తర్వాత తీరిగ్గా తల ఊపాడు. నేను తట్టింది మెల్లగానే. ఆయన మూడు చుట్లు తిరిగి, బిస్కెట్ డబ్బాల మీదుగా ఎగిరి బెంచీ అవతల పడ్డాడు. బస్తీ పిల్లలందరికన్నా గట్టిగా వర్ణికే ఈల వేసింది.