నీళ్ళ చెంబుకు ఫస్టు ప్రైజు

ఇంకో టీ చెప్పండప్పా. మొన్న పరుగు పందెంలో నేను చేసిన ఘనకార్యం మీ చెవిన పడే ఉంటాది. కడపంతా నవ్వుతాంది. అయినా నా నోటనే వినండి, బయటోళ్ళు ఉప్పూకారం జాస్తి వేస్తారు.

హైస్కూల్లో నాది డ్రిల్లు మాస్టరు ఉద్యోగం గదా. టెంపరరీ! నెల ముందర హెడ్మాస్టరు దేవసహాయం గారు గదిలోకి పిలిచినాడు.

"ఓబయ్యా, అన్ని బళ్ళకూ కలిపి పరుగు పందెం పెడతాండారు. కలెక్టరు దొరే కప్పు ఇస్తాడు. అది మనకొస్తే నీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తా. రాకపోతే నన్నడగొద్దు."

బడికి ఒక్కడే పరిగెత్తాల. బద్వేలు రోడ్డులో రెండు మైళ్ళు పోయి, మళ్ళా రావాల. సరే, ఎవర్ని దించాల? నాకా, ఈ విషయంలో శానా గర్వం. మా తాతా, మా నాయనా తిరునాళ్ళలో ఎద్దుల బేరాలు చేసినోళ్ళు. ఎద్దును దూరం నుంచి చూసి దాని పని చెప్పే వంశం మాది. పిల్లోడు ఎద్దు కన్నా కష్టమా?

ఫిఫ్తు ఫారం పిల్లోళ్ళను వరసగా నిలబెట్టినా. డొక్కలు చూసినా, పిక్కలు పిసికినా. నోళ్ళు తెరిపించి పళ్ళు చూసినా. నెత్తిమీద సుడులు కూడా చూసినానంటే నమ్మండి! అట్లా దొరికినాడు సుందరం, బడి ఎదురుగా బట్టలంగడి శెట్టిగారి కొడుకు. బక్కగా, పొడుగ్గా, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. సుడి కూడా మంచి సుడి. "ఇదిరా పరుగుకు పుట్టిన ఒళ్ళు!" అని వీపు తట్టినా.

అప్పుడే నాగిరెడ్డి ముందుకొచ్చినాడు. వాళ్ళది మూడు మైళ్ళ అవతల పల్లె, కాస్త ఉన్నోళ్ళు. ఇంట్లో పాడి ఉండాది, ఆ నెయ్యంతా వీని ఒంట్లోనే ఉండాది. ముందు పొట్ట వస్తాది, వెనక వాడొస్తాడు. పైగా రోజూ బడికి ఆలస్యమే!

"సార్, నేనూ పరిగెత్తుతా సార్."

"నీ పొట్ట చూసుకున్నావారా? సుందరం వెనకాల నీళ్ళ చెంబు పట్టుకొని పో. యాడ అలసిపోతే ఆడ కూర్చో."

పిల్లోళ్ళంతా పకపక నవ్వినారు. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వినా.

పందెం రోజు రానే వచ్చింది. మైదానంలో దొర, దొరసాని, ఊరి పెద్దలు. నేను తలగుడ్డ చుట్టుకొని, మెళ్ళో విజిలు వేలాడేసుకొని, పెళ్ళికొడుకు తండ్రి మాదిరి తిరుగుతాండా. పిల్లోళ్ళు రోడ్డు పట్టుకొని మాయమైపోయినారు. కాసేపటికి దూరంగా దుమ్ము లేచింది. చూస్తే, అందరికన్నా ముందు మా బడి చొక్కా! ఒక్కటే వస్తాంది! నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తలగుడ్డ పైకి ఎగరేసి, "పర్మనెంటు!" అని కేక కూడా పెట్టినా. దొరసాని ఉలిక్కిపడింది.

చొక్కా దగ్గరికొచ్చింది. చొక్కా ముందర పొట్ట. పొట్ట పక్కన చెంబు!

నాగిరెడ్డి రిబ్బను తెంచుకొని నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడినాడు.

"సార్, సుందరం తిరిగొచ్చే దారిలో కళ్ళు తిరిగి పడిపోయినాడు సార్. నీళ్ళు తాగించి చింతచెట్టు కింద పండబెట్టినా. బాగానే ఉండాడు. మీకు చెప్పిపోదామని వచ్చినా."

అంటే వీడు పందెం పరిగెత్తలేదప్పా! కబురు చెప్పేదానికి వస్తా, దారిలో మిగతా బళ్ళ వాళ్ళందర్నీ దాటేసినాడు! దొర నవ్వి చేయి కలిపినాడు గానీ, కప్పు మాత్రం రెండోవానికి పోయింది. పందెంలో ఇచ్చింది సుందరం పేరు గదా, నీళ్ళ చెంబు మోసినోనికి కప్పెట్ల ఇస్తారు?

"నీకు ఆయాసమే రాలేదేందిరా?" అని అడిగినా, ఏడుపు ఆపుకుంటా.

"మా యమ్మ మూడు సంగటి ముద్దలు తినేదాకా ఇడిచిపెట్టదు సార్. పొద్దుపోతాదని బడిదాకా పరిగెత్తుకొస్తా. ఆలస్యమైందని మీరు మళ్ళా మైదానం చుట్టూ పరిగెత్తిస్తాండారు గదా సార్, రోజూ!"

హెడ్మాస్టరు నా పక్కనే ఉండాడు. "భేష్ ఓబయ్యా, తెలియకుండా చేసిందొక్కటే బాగా చేసినావు," అన్నాడు. ఇంటికి పోతే మా ఆడది ఇంకో వాత పెట్టింది: "ఎద్దును కొనేటప్పుడు ఒక్క సాలన్నా దున్ని చూస్తారు గదా, నువ్వు ఒక్కసారన్నా పరిగెత్తిచ్చి చూడలేదా?"

పోనీ, హెడ్మాస్టరు మంచోడు. "వచ్చే ఏడు నాగిరెడ్డిని దించు, అప్పుడు చూస్తాం," అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. తెల్లారి మైదానంలో వాని కోసం కాచుకోని ఉండా. గంట కొట్టకముందే గజ్జెల చప్పుడు! సవారి బండి దిగినాడు నాగిరెడ్డి. పక్కన వాళ్ళ నాయన, మీసం మెలేస్తా.

"దొర ముందర గెలిచినోడు మా వాడు! ఇంకా నడిచొచ్చేది ఏంది మాస్టరూ? ఇంకమీదట రోజూ బండ్లోనే వస్తాడు. బిడ్డ చిక్కిపోయినాడని వాళ్ళమ్మ ఇంకో ముద్ద కూడా వేస్తాంది."

ఆలస్యం లేదు, శిక్ష లేదు, పరుగూ లేదు! ఇట్లయితే నా ఉద్యోగం గంగలో కలిసినట్లే. రేపు తెల్లారే వాళ్ళ పల్లెకు పోయి, ఆ బండి మాన్పించి వాణ్ణి మళ్ళా పరుగునే పంపమని కాళ్ళావేళ్ళా పడాల. బండి కట్టకముందే చేరుకోవాల. మూడు మైళ్ళప్పా! ఈ పొట్టేసుకొని, పరిగెత్తాల్సింది ఇంక నేనే.