వాకిలి లేని ముగ్గు

మా అత్తయ్యగారికి పొద్దున్నే తలుపు ముందు ముగ్గు పడకపోతే కాఫీ గొంతు దిగదు. దేశం కాని దేశంలో, ఈ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటుకి వాకిలంటే కారిడార్‌లో ఒక చాప పట్టేంత గచ్చు. అక్కడే తడిగుడ్డ పెట్టి తుడిచి, బియ్యప్పిండితో ఐదు చుక్కల ముగ్గు వేసేవారు. ఎవరి దారికీ అడ్డం లేదు. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

పోయిన ఏడాది ఒకరోజు తలుపు సందులోంచి, బ్లాకుల బాగోగులు చూసే ఆఫీసు కాగితం ఒకటి వచ్చింది. కారిడార్ అందరిదీ, పిండికి చీమలు పడుతున్నాయి, ఫిర్యాదు అందింది, ఇకపై వెయ్యవద్దు. ఫిర్యాదు ఎవరిదో అందులో రాయరు. ఫోన్లో ఫొటో తీసి పంపితే చాలు, పనైపోతుంది. రోజూ లిఫ్టులో నన్ను చూసి నవ్వేవాళ్లలోనే ఎవరో ఒకరు ఆ పని చేశారు. అదే నాకు ఒళ్లుమంట. తలుపు కొట్టి చీమలొస్తున్నాయని చెబితే చీమలమందు నేనే కొనుక్కొచ్చి చల్లేదాన్ని కదా.

"పోనీలే అమ్మాయ్, మన ఊరా ఏవన్నానా" అని అత్తయ్యగారు పిండిడబ్బా తీసి పై అరలో పెట్టేశారు.

మూడోరోజు మా అంతస్తు చివరింటి ఆంటీ వచ్చారు. వాళ్లు తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. ఆవిడ తెలుగులో సగం తమిళమే. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా? మూడు రోజులై కోలం లేదే."

ముగ్గు లేని గుమ్మం చూస్తే మనవాళ్లకి తోచేది చావే. అందరం బాగున్నామని చెప్పి పంపాను గానీ, లోపల అత్తయ్యగారి మొహం చూడలేకపోయాను.

రెండు నెలలు పోయాక బ్లాకు కింద బ్యానర్ కట్టారు. జాతుల సామరస్య దినమట. నాలుగు రకాల బట్టల్లో నలుగురు మనుషులు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ప్రభుత్వం వారి పథకం, నడిపించేది మా పేట కమిటీ. ఒక్కో జాతికి ఒక్కో బల్ల. ఇండియన్ల బల్ల దగ్గర ముగ్గు వెయ్యాలి. కమిటీ ఆవిడ, మంచి మనిషే, మా ఇంటికొచ్చి మీ అత్తగారు వేస్తారా అని అడిగింది. నేను తగుదునమ్మా అని ఒప్పేసుకున్నాను. కింద వేయించుకున్నవాళ్లు పైన కాదంటారా అని నా ఆశ. క్యాలెండర్ చూశాను, శనివారం, ఆఫీసు లేదు. ఇంకేం చూడాలి అనుకున్నాను.

అత్తయ్యగారు పంచాంగం చూశారు.

"ఆ రోజు మీ మావయ్యగారి తద్దినం అమ్మాయ్. తద్దినం రోజున ముగ్గు ముట్టుకుంటానా నేను?"

తిథి చూడకుండా మాట ఇచ్చిన నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను. వెంటనే కమిటీ ఆవిడకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆమె నొచ్చుకుంది. పరవాలేదు, నేలకి అంటించే ప్లాస్టిక్ రంగోలీ ఉంది, అది వేస్తాం అంది. అక్కడితో ఆగినా బాగుండేది.

"అయినా పెద్దావిడ చేత్తో వేసుంటే ఎంత బాగుండేదో. ఆ ఫొటో చూసి మా వాళ్లంతా మెచ్చుకున్నారు" అంది.

"ఏ ఫొటో?"

"కంప్లైంట్‌తో పాటు వచ్చిందిగా, అదే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫొటో చూపించే కదా మా గుమ్మం ముందు ముగ్గు తీయించారు. అదే చూసి ముచ్చటపడి కింద వెయ్యమంటారా? పైన వేస్తే చెత్త, కింద వేస్తే సామరస్యమా? సరే, మా గుమ్మం దగ్గర ఎప్పుడు వెయ్యనిస్తారో చెప్పండి అన్నాను. అది వేరే ఆఫీసు వాళ్లు చూస్తారు, మా చేతిలో లేదు అంది. నేను గొంతు పెంచాను. పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి నా చెయ్యి లాగి ఇక్కడి ఇంగ్లీషులో అంది.

"అమ్మా, డోంట్ ఫైట్ లా. షీ సో నైస్ వాట్."

నైసే. అందరూ నైసే. అదే కదా నా బాధ.

శనివారం కింద మైకులో నాలుగు భాషల్లో స్వాగతం చెబుతుంటే, పైన ఇంట్లో మా ఆయన పిండాలు పెట్టారు. అంతా అయి పురోహితుణ్ణి సాగనంపాక అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి ఆ ఉత్త గచ్చు వంక చాలాసేపు చూశారు.

"ఏడాదికి ఒక్కరోజు మీ మావయ్యగారి కోసం ముగ్గు మానేసేదాన్ని" అన్నారు. "ఇప్పుడు రోజూ లేదాయె. ఆయన రోజని ఈ గుమ్మానికి ఎలా తెలుస్తుంది చెప్పు?"

ఇక ఊరుకునే ఓపిక నాకు లేకపోయింది.

మర్నాడు తెల్లారకముందే లేచి పిండిడబ్బా దించాను. నా జన్మలో ముగ్గు సరిగ్గా వేసిన పాపాన పోలేదు. చుక్కలు వంకర, గీతలు వంకర. అత్తయ్యగారు వచ్చి చూశారు, వద్దనలేదు. నా పక్కనే చతికిలబడి, వంకరపోయిన మూల తుడిచి మళ్లీ వేశారు.

ఆవిడకి కాఫీ కలిపిచ్చి, తలుపు బార్లా తీసి, ముగ్గుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫొటో తీసేవాళ్లెవరో రానీ. ఈసారి నా మొహం కూడా పడుతుంది.